గొంతు విప్పి చదివిందా

మా చెల్లి టీచరు కావాలని బయల్దేరేసరికి, దాని ఈడు టీచర్లు అప్పటికే విసిగిపోయి బదిలీలకి కాగితాలు పెట్టుకుంటున్నారు. అంతకుముందు చాలా ఏళ్ళు చెప్పుల షాపులో పనిచేసింది. పిల్లల సెక్షను. పిల్లవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, పాదం కింద కొలత పెట్టి, పోయినసారికీ ఇప్పటికీ ఎంత పెరిగాడో వాళ్ళమ్మకి చెప్పడం దాని పని. ఒకసారి వచ్చిన పిల్లల్ని మర్చిపోయేది కాదు. ఒకరోజు ఇంటికొచ్చి, బ్యాగు కూడా దించకుండా, "నేను పాదాలు పెరగడం ఒక్కటే చూస్తున్నానక్కా. మిగతాదంతా ఇంకెవరో చూస్తున్నారు" అంది. నాకేమీ అర్థం కాలేదు. ఆకలేస్తోందేమో అనుకున్నాను. నెల తిరక్కుండా టీచరు ట్రైనింగుకి అప్లికేషను పెట్టింది.

నా సంగతి చెప్పాలంటే, నేను ల్యాబులో రక్తం తీస్తాను. నన్ను చూడగానే జనం చెయ్యి వెనక్కి దాచుకుంటారు. రోజంతా ఆ మొహాలు చూసి ఇంటికొచ్చాక మెత్తగా మాట్లాడే ఓపిక నాకు ఉండదు. కాబట్టి మా చెల్లి గురించి చెప్పేటప్పుడు నేను దాన్ని కసురుకున్న సందర్భాలు చాలానే వస్తాయి. అది నా గుణం. దాని మీద ప్రేమ లేక కాదు.

ట్రైనింగులో పాఠం చెప్పడం, బొమ్మలు గీయడం, కథలు చెప్పడం దానికి మంచినీళ్ళ ప్రాయంగా వచ్చాయి. కంప్యూటరు దగ్గరే బండి ఆగింది. ఏ రోజు ఎవరు బడికి రాలేదో, ఏ పిల్ల ఎంత చదువుతోందో, పోయిన నెల ఎక్కడుందో, ఈ నెల ఎక్కడికొచ్చిందో, అంతా ఇప్పుడు షీట్లలో ఎక్కించాలట. తోటి ట్రైనీలు, అందరూ నిన్నమొన్నటి కాలేజీ పిల్లలు, మాటల్లోనే టకటకా చేసేస్తుంటే ఇది గుడ్లప్పగించి చూసేది. బళ్ళో ప్రాక్టీసుకి వెళ్ళే ముందు సెలవుల్లో మా ఇంటికొచ్చి మా ఆయన్ని పట్టుకుంది. ఆయన సిమెంటు కొట్లో లెక్కలు చూస్తాడు. మరదలు నోరు తెరిచి అడిగితే కాదనే బావ ఎక్కడైనా ఉంటాడా? కుర్చీ లాక్కుని కూర్చుని, తనకు తెలిసిన లోకంలోంచే పాఠం మొదలుపెట్టాడు. అడ్డంగా పోయేది వరస. నిలువుగా దిగేది కాలమ్. ఒక్కో వరసలో ఒక్కో రకం సిమెంటు. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి.

"బస్తా అమ్మితే తగ్గుతుంది బావా. పాఠం చెబితే ఏం తగ్గుతుంది?" అంది చెల్లి.

"నీ ఓపిక," అన్నాడు ఆయన.

ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఇది కూడమంటే చెరిపేసేది, చెరపమంటే షీటే మూసేసేది. అయినా వదల్లేదు. గడిలో అంకె మారితే రంగు దానంతటదే మారేలా చెయ్యడం పట్టుబడిన రోజు వంటింట్లోంచి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఎర్రగా ఉన్న గడి పసుపై, ఆపైన ఆకుపచ్చగా మారింది. "చూడక్కా, ఎర్రగా ఉన్నవాడు ఎలా పచ్చబడ్డాడో" అంది. పచ్చబడితే మా దగ్గర కామెర్ల పరీక్ష రాస్తారని నేనన్నాను. దానికి నవ్వు రాలేదు. ఇంకా పుట్టని పిల్లలకి బట్టలు కుట్టుకుంటున్నదానిలా ఆ ఖాళీ షీటు వంకే చూస్తూ కూర్చుంది.

ప్రాక్టీసు బడి మా ఊరికి ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో పడింది. మూడో తరగతి. ఆ తరగతి టీచర్ని అందరూ పెద్ద మేడమ్ అనేవారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. పిల్లలంటే ప్రాణం, కంప్యూటరంటే ఒంటికాలి మీద లేచేది. చెల్లి రాగానే, ఆ షీటు గోల నువ్వే చూసుకోమని బడి కంప్యూటరు దాని ముందుకి నెట్టేసింది. ఇది దాన్ని కళ్ళకద్దుకుంది. పిల్లల్ని చదివించి చూసి, అక్షరాల దగ్గరే ఉన్నవాళ్ళకి ఎరుపు, పదాలు చదివేవాళ్ళకి పసుపు, కథ చదివేవాళ్ళకి ఆకుపచ్చ వచ్చేలా పెట్టింది. తరగతిలో బెంచీలు కూడా అలాగే సర్దారు. అక్షరాల బెంచీలు, పదాల బెంచీలు, కథల బెంచీలు. నెలనెలా చూసి, పైకొచ్చినవాళ్ళని పక్క బెంచీకి మార్చేవారు. ఎవరూ అడక్కుండానే చెల్లి ఒక కాలమ్ సొంతంగా చేర్చింది. దానికి "గొంతు విప్పి చదివిందా" అని పేరు పెట్టింది.

ఆ కాలమ్ ఎందుకొచ్చిందంటే ఒక పిల్ల వల్ల వచ్చింది. నాకు ఆ పిల్లల అసలు పేర్లు తెలీవు. చెల్లి ఫోన్లో చెప్పే ముద్దుపేర్లే తెలుసు. ఈ పిల్ల పేరు గుసగుస. ఎవరేమడిగినా నోరు విప్పదు. పుస్తకం ఇస్తే పేజీలోకి చూస్తుంది, అంతే. ఏమీ వినబడదు కాబట్టి మొదట్లో అక్షరాల బెంచీలోనే కూర్చోబెట్టారు. పక్కన మైకు అని ఒకడుండేవాడు. వాడికి వచ్చినవి నాలుగు అక్షరాలే గానీ వాటినే వీధి చివరికి వినబడేలా చదివేవాడు. వాడి గొంతులో ఈ పిల్ల ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

మిగతావాళ్ళు చదువుతున్నప్పుడు గుసగుస పెదాలు కదలడం చెల్లి చూసింది. అందరూ ఆటకి పోయాక చెల్లి వెళ్ళి ఆ పిల్ల బెంచీ ముందు నేల మీద, పిల్లకి వీపు పెట్టి కూర్చుంది. పుస్తకం వెనక్కి అందించి ఊరుకుంది. చాలాసేపటికి వీపు వెనక చిన్న గుసగుస మొదలైందట. అక్షరాలు కాదు, పదాలు కాదు, ఏకంగా కథ. ఆ గుసగుస పేజీ చివరిదాకా వెళ్ళి, పేజీ తిప్పుకుని, మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రం ఫోన్లో చెల్లి ఈ ముక్క నాకు రెండుసార్లు చెప్పింది. మర్నాడు గుసగుస కథల బెంచీకి మారింది. షీటులో ఆకుపచ్చ వచ్చింది. కొత్త కాలమ్‌లో మాత్రం చెల్లి "ఇంకా లేదు" అని రాసింది. లేదు అంటే చాలదా, ఇంకా ఎందుకు అని నేనడిగితే, ఉత్త లేదు అని రాస్తే తలుపేసినట్టుంటుందంది.

ప్రాక్టీసు ముగిసే ముందు ఆ గొంతు ఒక్కసారి వినాలని దాని ఆశ. పెద్ద గొంతు అక్కర్లేదు, ఎదురుగా కూర్చుంటే వినబడేంత చాలు. రోజూ కొంచెం కొంచెం పక్కకి తిరుగుతూ కూర్చునేది. తిరిగినంతసేపూ ఆ పిల్ల నోరు మూసుకునేది. చివరి రోజు అందరు పిల్లలూ మీద పడి గోల చేస్తుంటే గుసగుస దూరంగా నిలబడింది. గోలంతా అయ్యాక దగ్గరికొచ్చి నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుని, వెళ్ళిపోయింది. బ్యాడ్జీ, బీరువా తాళం, చాక్‌పీసుల డబ్బా బడికి అప్పజెప్పి చెల్లి రైలెక్కింది.

ఫలితాలు, ఉద్యోగం వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంది. మనిషి ఇక్కడ, ప్రాణం అక్కడ. అన్నం ముందు కూర్చుని, ఈపాటికి వాళ్ళకి లెక్కల పీరియడు అయ్యుంటుందనేది. అన్నం తినమని నేను కసిరేదాన్ని. పిల్లలు ఏమవుతారో చూడాలని షాపు మానేసి వెళ్ళింది, ఇక్కడా కథ మధ్యలోనే లేచొచ్చేసింది. ఎన్ని బళ్ళు తిరిగినా ఆ పిల్లలు మళ్ళీ దాని పిల్లలు కారు. ఆ బెంగ నాకు తెలుసు గానీ దానికి మా ల్యాబులో పరీక్ష లేదు.

ఒక సాయంత్రం ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఆ షీటు తెరుచుకుంది. బడి వదిలాక కూడా ఎక్కించుకోవడానికి అప్పట్లో తన ఫోనుకి కలుపుకున్న ఆన్‌లైన్ షీటు అది. తాళాలూ డబ్బాలూ వెనక్కి తీసుకున్నవాళ్ళకి షీటు తెరిచే వీలున్నవాళ్ళలోంచి దీని పేరు తీసెయ్యాలని తట్టలేదు. దీనికీ గుర్తులేదు. తెరిచి చూస్తే, తను వదిలేసి వచ్చిన ఖాళీ గడుల్లో ఆ నెల అంకెలు పడి ఉన్నాయి. తను లేకుండా పిల్లలు పెరుగుతున్నారు. అది కనబడుతోంది.

ఇక చూడండి. రోజూ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వంటింటి గట్టు మీద కూర్చునేది. ఫలానావాడు పదాలకొచ్చాడక్కా, ఫలానాది రెండ్రోజులు బడికి రాలేదు, జ్వరమేమో అంటూ వార్తలు చెప్పేది. ఎన్నడూ చూడని పిల్లల మీద నాకు కూడా బెంగ అంటించింది. అలా చూడకూడదని మా ఆయన ఒకసారి అన్నాడు. తమ కొట్లో పని మానేసినవాడు లెక్కలు చూస్తానంటే యజమాని ఊరుకుంటాడా అన్నాడు. "ఊరికే చూస్తా బావా, ముట్టుకోను" అంది. ముట్టుకోలేదు కూడా. చివర్న మాత్రం ఒక గడి దగ్గర ఆగేది. గుసగుస వరస, గొంతు కాలమ్. అందులో తను రాసిన "ఇంకా లేదు" అలాగే ఉండేది. ఫోను మూసేసేది.

ఈలోగా పెద్ద మేడమ్ మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టిందని, ఆ తరగతికి ఎవరో కొత్త టీచరమ్మని వేశారని దాని తోటి ట్రైనీ చెప్పింది. ఆ తర్వాత కొద్ది రోజులకే నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చెల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఫోను నా మొహం ముందు పెట్టింది. గుసగుస పేరుకి ఎదురుగా, గొంతు విప్పి చదివిందా అన్న చోట, అవును అని ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో సందడే సందడి. టీలో చక్కెర రెండుసార్లు పోసింది. మా ఆయన అది మారు మాట్లాడకుండా తాగాడు. అందరం నవ్వుకున్నాక, చెల్లి ఒక్కసారిగా డీలా పడిపోయింది. "ఎవరు విన్నారో" అంది. మొట్టమొదట ఆ గొంతు విన్నది తను కాదు. సంతోషపడాల్సిన చోట ఈర్ష్య పుట్టిందని తనే ఒప్పుకుని, తనని తానే తిట్టుకుంది.

మర్నాడు తీరిగ్గా చూస్తే, అదే వరసలో చదువు గడి ఎర్రగా ఉంది. ఆకుపచ్చ పిల్ల ఎర్రబడింది. చెల్లి మొహం మాడిపోయింది. తను వచ్చేశాక చదివించేవాళ్ళు లేక పిల్ల వెనకపడిందంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు నాలుగు నెలలు లేకపోతే కథ చదివే పిల్ల అక్షరాలు మర్చిపోతుందా, అంత గొప్పదానివా అని అడిగేశాను. నా మాటకి ఏడవలేదు. ఆలోచనలో పడింది. కథ చదివే పిల్ల అక్షరాలు మర్చిపోదు. అక్షరాలే చదువుతూ, గొంతెత్తి అరిచేవాడు ఆ తరగతిలో ఒక్కడే ఉన్నాడు. ఆ వరసని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చదివింది. తను ఉన్నన్నాళ్ళ గడులన్నీ తన చేత్తో ఎక్కించినవే. అచ్చంగా మైకుగాడి వరస. పైకీ కిందకీ చూసింది. తను వచ్చేసే వారంలో బళ్ళో చేరిన కుర్రాడి పేరుకెదురుగా ఏడాది మొదటి నుంచీ మార్కులున్నాయి.

ఏం జరిగిందో మా ఆయన చూసి చెప్పాడు. కొత్త టీచరమ్మ పేర్లు వెతుక్కోవడానికి వీలుగా ఉంటాయని అక్షర క్రమంలో పెట్టుకుంది. షీటు మొత్తాన్ని కాకుండా పేర్ల కాలమ్ ఒక్కదాన్నే పట్టుకుని సర్దింది. పేర్లు కదిలిపోయాయి, మార్కులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పిల్లలంతా ఒకళ్ళ చదువు మీద ఇంకొకళ్ళు కూర్చున్నారు. కొత్తలో ఎవరైనా చేసే పొరపాటే అన్నాడు.

చెల్లి ఆ అవును వంక చూస్తూ కూర్చుంది. అది మైకుగాడి అవును. నిన్నటి సంతోషం నిన్నటితోనే సరి. ఆ గడి ఖాళీ అయినా అంత బాధ ఉండేది కాదేమో.

నేను దాని పక్కన కూర్చుని, నాకు తోచిన ఉపాయం చెప్పాను. దీనికి రాసే వీలు ఇంకా ఉంది. బావా మరదలూ కూర్చుని పేర్లు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేస్తే సరిపోతుంది. ఫోను చేసి చెబితే, ఇన్నాళ్ళూ చూస్తున్నావా అంటారు, ఉన్న ఆ కాస్త కిటికీ మూసేస్తారు. గుట్టుచప్పుడు కాకుండా సరిచేసెయ్, నీకు ఆ పిల్లలు కనబడుతూనే ఉంటారు అన్నాను. అది తలొంచుకుని విన్నది.

"గడులు సరిచెయ్యగలను అక్కా. కానీ ఈ షీటు చూసే కదా ఆవిడ బెంచీలు మార్చేది. ఆ పిల్ల ఈపాటికి అక్షరాల బెంచీలో కూర్చునుంటుంది. నేను కథ చదువుతానని అది నోరు తెరిచి చెప్పదు. దాన్ని ఇక్కణ్ణుంచి లేపలేను."

నేనేదో అనబోయాను. అది ఆగలేదు.

"మీ ల్యాబులో సీసాల మీద చీటీలు మారిపోతే, చీటీలు మార్చేసి ఊరుకుంటారా? ఆ మందులు ఎవరు మింగుతున్నారో చూడరా?"

 ఒకసారి చీటీలు మారితే ఇళ్ళకి ఫోన్లు చేసి మందులు ఆపించిందాన్ని నేనే.

పెద్ద మేడమ్‌కి ఫోను చేసింది. ఆవిడ మంచం మీదే ఉంది. చెల్లి నీళ్ళు నమల్లేదు. ఇన్నాళ్ళూ షీటు చూస్తున్నానని ముందే చెప్పేసింది. తర్వాత పొరపాటు ఎక్కడ జరిగిందో వివరించింది.  ఈ రాత్రికే కొత్త టీచరుతో మాట్లాడి, రేపు బెంచీలు మార్పిస్తానని ఆవిడ అంది. షీటులోంచి దీని పేరు తీయించక తప్పదని కూడా చెప్పింది. ఫోను లౌడ్‌స్పీకరులో ఉంది కాబట్టి చివరి మాట నేనూ విన్నాను. "వాళ్ళు నీ పిల్లలు కారమ్మా. బెంగ పెట్టుకోకు" అంది ఆవిడ. చెల్లి సరే మేడమ్ అంది.

మర్నాడు సాయంత్రం టీ గ్లాసుతో గట్టు మీద కూర్చుని ఫోను తెరిస్తే, మీకు అనుమతి లేదు, కావాలంటే అడగండి అని వచ్చింది. అడగలేదు. ఆ తర్వాత కొన్ని రోజులు సాయంత్రం టీ తాగడమే మానేసింది. బెంచీ మారిందో లేదో, గుసగుస గొంతు విప్పిందో లేదో ఇక తెలిసే దారి లేదు. వార్తలు లేక నాకూ మా ఆయనకీ కూడా ఏమీ తోచేది కాదు. మైకు ఎలా ఉన్నాడో అని ఆయన ఒకసారి అన్నాడు. 

చాలా రోజులకి ఒక మధ్యాహ్నం నాకు సెలవుంది. చెల్లీ నేనూ మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం. పక్కింట్లో గోడకి డ్రిల్లింగు మిషనుతో కన్నాలు వేయిస్తున్నారు, పళ్ళు జివ్వుమంటున్నాయి. చెల్లి ఫోను మోగింది. పెద్ద మేడమ్ చేతికర్ర పట్టుకుని మళ్ళీ బడికి వచ్చిందట. నీ గుసగుస నా పక్కనే ఉంది, కథల బెంచీలోనే ఉంది, నీతో మాట్లాడమంటే మాట్లాడదు గానీ పుస్తకం తెచ్చుకుని నిలబడింది, ఫోను ఇస్తున్నాను అంది.

చెల్లి తడిబట్ట నా భుజం మీద పడేసి కిందకి పరిగెత్తింది. గదిలోకి పోయి కిటికీలు మూసింది. నేను ఫ్యాను కట్టేశాను. డ్రిల్లింగు మోత గోడలోంచి వస్తూనే ఉంది. చెల్లి ఒక చెవిలో వేలు పెట్టుకుని, రెండో చెవికి ఫోను అదుముకుని నా వంక చూసింది. ఆ చూపు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేను భుజం మీద తడిబట్టతోనే పక్కింటికి పోయి, ఆ మిషను పట్టుకున్నవాడితో గొడవ పెట్టుకున్నాను. ఏం తిట్టానో నాకే గుర్తులేదు. వాడు మిషను కింద పెట్టేశాడు.

తిరిగొచ్చేసరికి చెల్లి మంచం మీద, గోడకేసి తిరిగి, తలుపుకి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. చాలాసేపు అలాగే ఉంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చివరికి "చాలా బాగా చదివావమ్మా" అంది. ఫోను పక్కన పెట్టింది.

"ఏం కథ చదివింది?" అన్నాను.

"తెలీదక్కా. ఏమీ వినబడలేదు. ఊపిరి వినబడింది. పేజీ తిప్పితే ఆ చప్పుడు వినబడింది."

"మరి బాగా చదివావన్నావు?"

"చదివింది కదా." ఇటు తిరిగింది. "ఒక్కసారి దాని గొంతు వినాలని ఉందక్కా."

మిషను మళ్ళీ వేసుకోనా అని పక్కింటి డ్రిల్లింగువాడు వాకిట్లోకొచ్చి అడిగాడు. కాసేపు ఆగమన్నాను.